రోజుకు ముప్పై తొమ్మిది నిమిషాలు ఎక్కువ

బోధన్‌లో మేమున్న చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో పగటిపూట ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవారు. చెరకు సీజన్ మొదలైందంటే మూడు షిఫ్టులూ నడిచేవి. బాపు ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి డ్యూటీకి పోయేవాడు. రాత్రి డ్యూటీ వారంలో అమ్మ కుక్కర్‌ను కూడా వెనక వాకిట్లో పెట్టి వండేది, విజిల్ చప్పుడుకు ఆయన లేస్తాడని. పిల్లలు గోలీలాడుతూ అరిస్తే ఏదో ఒక ఇంటి తలుపు తెరుచుకునేది, ఒక ఆడమనిషి బయటికి వచ్చి పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడేది. అందుకే పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో నా నిద్ర వేళ తప్పడం మొదలైనప్పుడు మా ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ వాడలో పగలు నిద్రపోవడం కష్టపడ్డ మనిషి లక్షణం.

బాపు రిటైరయ్యాకే సంగతి బయటపడింది. ఆయన మామూలు మనుషుల్లా రాత్రి పడుకుని పొద్దున లేవడం మొదలుపెట్టాడు. ఇంట్లో పగలు నిద్రపోయేది నేనొక్కదాన్నే మిగిలాను.

నా నిద్ర ఒకచోట నిలిచేది కాదు. ఈ రోజు రాత్రి పదింటికి కళ్లు మూతపడితే, రేపు పదిన్నర దాటాక, ఎల్లుండి పదకొండు దాటాక. వారం తిరిగేసరికి తెల్లవారుజాము దగ్గర పడేది. మరో వారానికి పొద్దున అందరూ పళ్లు తోముకునే వేళ నేను పక్క వేసుకునేదాన్ని. అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాటి, సాయంత్రం దాటి, అయిదు వారాలకు మళ్లీ రాత్రి పదింటికి వచ్చి చేరేది. అప్పుడు ఓ పది రోజులు నేను అందరిలాంటి మనిషిని.

అమ్మ దీన్ని మొదట బద్ధకం అంది. తర్వాత దిష్టి అంది. ఒక గురువారం నన్ను బడాపహాడ్ దర్గాకు తీసుకుపోయి, మెట్లన్నీ ఎక్కించి, మెడలో తాయెత్తు కట్టించింది. సరిగ్గా ఆ వారమే నా నిద్ర రాత్రిలోకి వచ్చి చేరే వారం. ఇంటికొచ్చాక పది రోజులు నేను పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చాను. అమ్మ వాడంతా చెప్పుకుంది. పదకొండో రోజు నుంచి నిద్ర మళ్లీ జారిపోయింది. అమ్మ నా మెడలో తాడు బిగుతుగా ఉందో లేదో ఒకసారి పట్టి చూసి వదిలేసింది.

డిగ్రీ అయ్యాక బోధన్‌లోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. మొదటి వారం మంచి పేరు వచ్చింది. నెల తిరగకుండానే బోర్డు మీద రాస్తూ రాస్తూ నిలబడి నిద్రపోయాను. హెడ్మాస్టరు మంచివాడు. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకుని, నాలుగోసారి గదిలోకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

“మీకు పాఠం చెప్పుడు మంచిగ వస్తది టీచరమ్మా. పొద్దున లేసుడే రాదు.”

పెళ్లి సంగతీ అలాగే అయింది. మెండోర నుంచి చూడడానికి వచ్చినవాళ్లు పగలు పదకొండు గంటలకు వచ్చారు. అది నాకు అర్ధరాత్రి. అమ్మ నన్ను లేపి, ముఖం కడిగి, చీర కట్టి కూర్చోబెట్టింది. వాళ్లేం అడిగారో, నేనేం చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు. వాళ్లు మాత్రం పిల్ల గంజాయి ఏమన్నా తాగుతదా అని మధ్యవర్తిని అడిగారట.

బాపు, అమ్మ ఒకరి తర్వాత ఒకరు పోయాక నిజామాబాద్‌కు వచ్చేశాను. పెద్ద ఊరు కాబట్టి ఏ వేళకు లేచినా ఏదో ఒక దుకాణం తెరిచి ఉంటుందనుకున్నాను. సైన్సు వీడియోలు చేసే ఒక చిన్న సంస్థ కోసం ఇంగ్లిషు వ్యాఖ్యానాలను తెలుగులో రాసిచ్చే పని దొరికింది. ఫలానా తారీకు లోపల పంపితే చాలు, ఏ గంటకు రాశావని ఎవరూ అడగరు. వాళ్ల ముఖాలు నేను చూడలేదు, నా ముఖం వాళ్లు చూడలేదు.

ఒక బీడీలు చుట్టే కుటుంబం ఇంటి మీద ఒక్క గది అద్దెకు తీసుకున్నాను. కిటికీకి మందపాటి చెద్దరు కొట్టి, తలుపు సందులో పాత చీర కుక్కి నిద్రపోయేదాన్ని. కింది వాళ్లు మొదట్లో పలకరించేవారు. పొద్దున పలకరిస్తే నేను నిద్రమత్తులో జవాబు చెప్పేదాన్ని, పొద్దుగూకినాక వాళ్లు పడుకునే వేళ నేను హుషారుగా కిందికి దిగేదాన్ని. మెల్లగా మానేశారు. వాళ్ల తప్పు లేదు. మనిషితో స్నేహం చేయాలంటే ఆ మనిషి ఏ వేళకు దొరుకుతుందో తెలియాలి. నేను దొరికే వేళ రోజూ మారిపోతుంటే ఎవరు మాత్రం ఎంతకాలం వెతుక్కుంటారు? వరసగా వారం రోజులు నేను నోరు తెరిచి మాట్లాడింది పాల ప్యాకెట్ అడగడానికి మాత్రమే అయిన వారాలు చాలా ఉన్నాయి. ఒక్కోసారి నా గొంతు ఎలా ఉందో చూసుకోవడానికి, రాసిన వాక్యాన్ని పైకి చదువుకునేదాన్ని.

అంగారక గ్రహం మీద కాలాన్ని ఎలా కొలుస్తారన్న వ్యాఖ్యానం నా చేతికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. మామూలుగా మొదటి వాక్యం నుంచి తెలుగు చేసుకుంటూ పోవడం నా అలవాటు. ఆ రోజు మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. అంగారకుడి మీద సూర్యుడు నడినెత్తికి వచ్చి, మళ్లీ నడినెత్తికి రావడానికి ఇరవై నాలుగు గంటల ముప్పై తొమ్మిది నిమిషాల పైన ఇంకొన్ని సెకన్లు పడుతుందని ఉంది. ఆ రోజును సోల్ అంటారని ఉంది.

లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. నా నిద్ర రోజుకు ఎంత జారుతుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ముప్పై ఎనిమిది, నలభై, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. ఎక్కడో ఒక చోట నా పొద్దు సరైన పొద్దే అవుతుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

తర్వాతి వాక్యాలన్నీ ఉత్తరం చదివినట్టు చదివాను. అక్కడ గడియారానికి కూడా ఇరవై నాలుగు గంటలే పెట్టారు, గంటకు అరవై నిమిషాలే. కాకపోతే ప్రతి సెకనునూ పిసరంత సాగదీశారు. మన గ్రీనిచ్ రేఖలాగే అక్కడ ఒక చిన్న గుంట మీదుగా సున్నా రేఖ ఉంది. నెలలు లేవు. తిరిగే రెండు చందమామలూ మరీ చిన్నవి, నెల కట్టడానికి పనికిరావు. ఏడాదిలో ఎక్కడున్నామో చెప్పాలంటే సూర్యుడి చుట్టూ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెబుతారు. ఉత్తర భాగాన వసంతం మొదలైన చోట సున్నా, మళ్లీ అక్కడికి వస్తే ఏడాది. అది మన రెండేళ్లకు కాస్త తక్కువ. తిరిగే దారి కోడిగుడ్డులా సాగి ఉండడం వల్ల రుతువులు కూడా సమానంగా ఉండవు, ఉత్తరాన వసంతం చాలా పొడుగు, శరదృతువు పొట్టి. ఇక అక్కడికి మనం పంపిన రోవర్ బండ్లయితే, ఒక్కోటీ తాను దిగిన రోజు నుంచి తన సోల్‌లు తానే లెక్కపెట్టుకుంటుంది, తనున్న చోటి పొద్దును బట్టి తన గంట తాను చూసుకుంటుంది.

చివరలో మనుషుల సంగతి ఉంది. బండి దిగిన తొలి నెలల్లో దాన్ని నడిపే ఇంజనీర్లు భూమ్మీదే ఉండి అంగారకుడి వేళ పాటించారట. రోజూ నలభై నిమిషాలు ఆలస్యంగా పనికి వచ్చేవారు, కిటికీలకు నల్ల తెరలు కట్టి పగలు నిద్రపోయేవారు. మెల్లగా నడిచేట్టు మార్చిన గడియారాలు కొందరు చేయించుకున్నారు. చాలామంది కొన్ని వారాలకే డస్సిపోయారు. ఒక ఇంజనీరు ఇంట్లో మాత్రం, సెలవులు కావడంతో, భార్యా పిల్లలూ కూడా ఆయనతో పాటు ఆ వేళకే మారిపోయారు. తెల్లవారుజామున అందరూ కలిసి రాత్రి భోజనం చేశారట.

ఆ ఇంటి గురించి రాసిన వాక్యాన్ని నేను చాలాసార్లు మార్చి రాశాను. మొదటి దాంట్లో తప్పేమీ లేదు.

కింది ఇంట్లో ఒక అవ్వ ఉండేది. ఇంటి యజమాని తల్లి, కమ్మర్‌పల్లి దగ్గరి పల్లె మనిషి. నీటికాసుల జబ్బుతో కొన్నేళ్ల కిందట రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. వెలుగు కూడా తెలియదు. అయినా చేట ఒళ్లో పెట్టుకుని, కోడలు కత్తిరించిచ్చిన తునికాకుల్లో తంబాకు పోసి, చేతి గుర్తుతోనే బీడీలు చుట్టేది. ఆమె రాత్రుళ్లు లేచి కూర్చుని గిన్నెలు కదుపుతుందని, పగలంతా పడి నిద్రపోతుందని కోడలు విసుక్కోవడం నాకు మెట్ల మీదుగా వినిపించేది. ముసలితనం అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి నిద్ర లేచి పాల కోసం దిగాను. అవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

“బిడ్డా, ఇప్పుడు పొద్దుగాలనా, మాపా?”

“మాపు, అవ్వా. నాలుగైంది.”

“నాకైతే ఇప్పుడే తెల్లారింది.”

“నాగ్గూడ, అవ్వా.”

ఆమె నవ్వింది. ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాను. ఆ సాయంత్రం అంతటితో అయిపోయింది. కానీ వారం తర్వాత, నేను రాత్రి ఎనిమిది దాటాక లేచి దిగితే, ఆమె కూడా అప్పుడే లేచి అదే గోడకు ఆనుకుని ఉంది. అడిగాను. రోజూ ఒకే వేళకు లేస్తున్నావా అని. ఆమె కాసేపు ఆలోచించి, బాంగు వినపడే వేళ ఒకటే గానీ తాను లేచే వేళ ఒకటి కాదని, ఒక్కోనాడు తాను లేవగానే మసీదులో తెల్లారే బాంగు, ఇంకోనాడు లేవగానే పొద్దుగూకే బాంగు వినపడుతుందని చెప్పింది. కండ్లు పోయినప్పటి నుంచి ఇట్లనే ఉందని, చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదని అంది.

ఆమె రోజు నా రోజు కంటే కొంచెమే పొట్టిది. అందువల్ల మేమిద్దరం ఒక్కసారే విడిపోకుండా, చాలా వారాలు దాదాపు పక్కపక్కనే జరిగాం. నా బతుకులో అలాంటి వారాలు అంతకుముందు లేవు. నేను లేచేసరికి లేచి ఉండే మనిషి ఒకరు. ఆమె బీడీలు చుడుతుంటే నేను పక్కన చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాసేదాన్ని. దారం కోసం చేయి చాపితే అందించేదాన్ని. కోడలికి కూడా ఊరట కలిగింది, ముసలామెకు తోడు ఒకరు దొరికారని.

ఒకనాడు ఆమెకు అంగారకుడి సంగతి చెప్పాను. మంగళవారం ఆ గ్రహం పేరుదే అంటే నమ్మింది. అక్కడి పొద్దు మన పొద్దు కంటే పొడుగని, మా ఇద్దరి పొద్దూ ఆ లెక్కలోనే ఉందని చెప్పాను. అమావాస్య, పున్నం ఉన్నాయా అని అడిగింది. మనకున్నట్టు లేవన్నాను. మరి పండుగలు ఎట్లా చేసుకుంటారంది.

“చేసుకునేటందుకు ఎవలు లేరవ్వా. మనం పంపిన బండ్లే ఉన్నయి.”

“మరి గడియారం ఎవలికి?”

“బండ్లను నడిపించేటోళ్లకు. గాడ పొద్దు పొడిస్తెనే వాటికి కండ్లు కనపడ్తయి, పని చేస్తయి.”

ఆమె చుడుతున్న బీడీ కొస మడిచి, దారం కట్టి, చేటలో వేసింది. ఆ బండ్లన్నీ ఒక్క దగ్గరే ఉంటాయా అని అడిగింది. లేదు, చాలా దూరం దూరం, ఒకదానికి పొద్దు పొడిచినప్పుడు ఇంకొకదానికి పొద్దుగూకవచ్చు అన్నాను.

“అయ్యో,” అంది. అంతే అంది.

ఆ తర్వాత నేను చూపులేని వాళ్ల నిద్ర గురించి చదవడం మొదలుపెట్టాను. అందరి శరీరంలోనూ గడియారం ఇరవై నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగానే నడుస్తుందట. రోజూ కళ్లలోకి వచ్చే వెలుగు దాన్ని సరిచేస్తుంది. వెలుగు బొత్తిగా తెలియని వాళ్లలో చాలామందికి అది సరికాదు, తన దారిన తాను పోతుంది. దీనికి మందు ఉందని కూడా రాసి ఉంది. అవ్వ కొడుకుతో చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ కాదనలేదు. ఒకరోజు ముగ్గురం ఖలీల్‌వాడిలో ఒక నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు శ్రద్ధగా విన్నాడు. కొన్ని వారాలు ఆమె ఎప్పుడు నిద్రపోతోందో గమనించి చెప్పమన్నాడు. చెప్పాక ఒక చిన్న గోళీ రాసిచ్చాడు. రోజూ రాత్రి భోజనం వేళ, ఒక్క రోజు కూడా తప్పకుండా, ఒకే గంటకు వేయాలన్నాడు. వెలుగు చేయాల్సిన పని అది చేస్తుందట. నన్ను కూడా పరీక్షించి, కళ్లు బాగానే ఉన్న వాళ్లలో ఇది అరుదని, మొండిదని చెప్పి, అదే గోళీ, పొద్దునపూట గంటసేపు ఎండలో కూర్చోవడం రాసిచ్చాడు.

అవ్వకు పట్టింది. మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెలలో ఆమె నిద్ర జారుతూ వచ్చి రాత్రిలో ఆగింది, ఆగినచోటే నిలిచింది. పొద్దున కోడలు ఊడ్చే చప్పుడుకు లేవడం, మనవరాళ్లతో కూర్చుని తినడం, రాత్రి వాళ్లందరితో పాటు పడుకోవడం. కొడుకు ఒకరోజు మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, “అక్కా, మా అవ్వ మాకు మల్ల దొరికింది,” అన్నాడు. చేతిలో డబ్బా నిండా సర్వపిండి ఉంది.

నాకు పట్టలేదు. మూడు నెలలు గోళీ వేసుకున్నాను, ఎండలో కూర్చున్నాను. రెండుసార్లు ఆగినట్టే ఆగి మళ్లీ జారిపోయింది. నేను లేచే వేళ సాయంత్రాలు దాటి రాత్రిలోకి జరిగింది. లేచి దిగేసరికి వరండాలో చేటలన్నీ గోడకు వాల్చి ఉండేవి. లోపల అందరి ఊపిర్లూ వినిపించేవి, వాటిలో అవ్వది ఏదో పోల్చుకోవడానికి ప్రయత్నించేదాన్ని. ఇదివరకు కూడా నేను ఒంటరినే. కానీ ఇదివరకు నాకు పోల్చుకోవడానికి ఏమీ లేదు.

వారాలు తిరిగి, మళ్లీ పగటి పూట మేలుకుని ఉన్న రోజుల్లో ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చేయి చాపి నా మోకాలు తడిమి చూసింది.

“చాలా దినాలాయె బిడ్డా. యాడికి పోయినవ్?”

“యాడికి పోలేదవ్వా. మీదనే ఉన్న.”

ఆమె ఇంటి వైపు తల తిప్పింది. కోడలు లోపల ఉందో లేదో చెవి పెట్టి విన్నది. గొంతు తగ్గించి అంది:

“ఓ పది దినాలు గోళీ బంద్ చేస్తనా? నీతోని ముచ్చట పెట్టొచ్చు.”

 ఆ మాట ఇంకెవరూ నాకోసం అనరని తెలుసు. ఆ పది రోజులూ ఎలా ఉంటాయో కూడా కళ్ల ముందు కనిపించింది. చాప, దారం ఉండ, ఆమె తన పల్లెలో పసుపు తవ్వే కాలం గురించి చెప్పే కబుర్లు.

“వద్దవ్వా,” అన్నాను. “మల్ల తప్పిపోతవ్. ఇంట్లోళ్లు పరేషానైతరు.”

“నువ్వు కావా?”

“నాకు అలవాటే.”

ఆమె నా మోకాలి మీది చేయి తీయలేదు.

వానాకాలం మొదట్లో కమ్మర్‌పల్లి వైపు వాళ్ల చుట్టాలింట్లో ఒక పిల్లగాడి పుట్టువెంట్రుకలు తీశారు. కండ్లు పోయాక అవ్వ ఏ శుభకార్యానికీ పోలేదు, పోయినా అక్కడ నిద్రపోతుందని ఇంట్లో వాళ్లు తీసుకుపోయేవారు కాదు. ఈసారి తీసుకుపోయారు. ఆర్మూర్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో. నన్నూ రమ్మన్నారు. నాకు ఆ రోజు కుదిరే వేళ కాదు. మధ్యాహ్నం వాళ్లు బయల్దేరిన సంగతి కూడా నాకు నిద్రలోనే తెలిసింది, కింద గేటు మూసిన చప్పుడు వల్ల.

రెండు రోజులకు తిరిగొచ్చారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ నన్ను పిలిపించింది. అది నాకు పడుకునే వేళ, అప్పటికే పక్క వేసుకున్నాను. అయినా దిగి వచ్చి వరండాలో చాప మీద కూర్చున్నాను. ఆమె మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆటోలో పక్కన కూర్చున్న మనిషి తనను గొంతు బట్టి గుర్తుపట్టడం, పిల్లగాడు గుండు గీస్తుంటే ఏడవకుండా కూర్చోవడం, చిన్నప్పటి దోస్తు ఒకామె వచ్చి తన చేతులు పట్టుకుని, నువ్వు ఉన్నవో పోయినవో తెల్వదని ఏడవడం. పక్కన కోడలు ఆకులు కత్తిరిస్తోంది, కత్తెర చప్పుడు ఒకే తీరుగా వినిపిస్తోంది. నేను గోడకు ఆనుకున్నాను. దోస్తు ఏమందో వినాలని ఉంది. ఏదో అడిగాను కూడా, ఏం అడిగానో గుర్తు లేదు.

లేచేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. నా మీద అవ్వ దుప్పటి ఉంది. తల కింద ఎవరో దిండు పెట్టారు. నేను నిద్రపోయినట్టు తెలియక అవ్వ ఇంకా చాలాసేపు చెప్పిందని, తర్వాత తెలిసినా ఆపలేదని కోడలు మర్నాడు చెప్పింది. లోపల అందరూ పడుకున్నారు. దుప్పటి మడత పెట్టి, గడప పక్కన ఉంచి, అన్నం వండుకోవడానికి పైకి వెళ్లాను.